బావ మతిమరుపు

కాఎయ్ నాలుగో ఏడు, రెండో నెల పన్నెండు
కోట ఊరు

చెల్లెలు ఇసోకి, అంటే ఇప్పటి మ్యోరెన్ సన్యాసినిగారికి,

అన్నయ్య గెన్బెయ్ రాస్తున్నాను. కనుమలో మంచు కరిగి ఉప్పు మోసే గుర్రాలు మళ్ళీ నడుస్తున్నాయని తెలియగానే కుంచె పట్టాను. నువ్వు పంపిన సముద్రపు నాచు చలికాలమంతా మా చారులోకి వచ్చింది. మీ ఆశ్రమంలో మీకు ఉంచుకున్నారో లేదో. ఇకమీదట అంత పంపకు.

అసలు సంగతి చెప్తాను. నేను కొలువు దిగిపోయాను. మొదటి నెలలో మన సుగాయ ఇంటి పెత్తనం నేను పెంచిన నీ మన్నొసుకెకి అప్పగించి, గుండు చేయించుకుని, పెరటి వైపు రెండు గదుల్లోకి మారాను. నలభై ఏళ్ళు నడుముకి రెండు కత్తులు దోపుకుని తిరిగినవాణ్ని కదా, ఇప్పుడు అవి లేకుండా నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంది. పొద్దున్నే ముల్లంగి మడికి నీళ్ళు పోశానంటే రోజంతా ఖాళీ. ఖాళీగా కూర్చుంటే మనసు ఊరుకోదు. ఇన్నేళ్ళ కొలువులో చేసిందేమిటి అని అడుగుతుంది. యుద్ధం చూడలేదు. ఎవరినీ కాపాడలేదు. పెద్దకత్తి ఒరలోంచి పని కోసం బయటికొచ్చింది ఒక్కసారే. అదెప్పుడో నీకు తెలుసు.

అందుకని మన్నొసుకె కోసం ఒక పుస్తకం రాస్తున్నాను, మన ఇంటివాళ్ళు పాటించవలసిన బుద్ధులు. ఇరవై మూడు పుటలయ్యాయి. వాడికి నగారా బురుజు కాపు పదవి ఇచ్చారు, విన్నావా? నాలుగో నెల ఒకటిన, చలి పోయిందని దూది తీసేసిన బట్టలు కట్టే రోజున, పదవిలో చేరతాడు. ఆ పొద్దున ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పుస్తకం చదివి వాడి చేతికిస్తాను. తొమ్మిదో పుటలో షోహచి బావ సంగతి ఉంది. నీ భర్త, వాణ్ని కన్నతండ్రి కనక నీకు ముందు చూపించడం మర్యాద. ఇదిగో, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"మన కోటలో జాముల్ని ధూపంతో కొలుస్తారు. పళ్ళెంలో బూడిద సర్ది, దాని మీద ధూపపు పొడి గీతగా పోసి, పక్కన వెదురు మేకులు గుచ్చుతారు. నిప్పు మేకుని చేరగానే నగారా మోగించాలి. చలికాలం దగ్గరపడేకొద్దీ పగలు కురచవుతుంది కనక పదిహేను రోజులకొకసారి మేకుల్ని ఒక గీటు దగ్గరికి జరపాలి. బున్సెయ్ మూడో ఏడు, ఇప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, పదో నెలలో, జరపవలసిన రోజున, కాపు నెజు షోహచి ఆ పని మరిచాడు. మధ్యాహ్నం అతని బదులు కూర్చున్న నేను అది గమనించి మేకులు జరిపాను. అయినా అప్పటికే ఆలస్యమైపోయింది. సాయంత్రం నగారా వేళకు ముందే మోగింది, కోట తలుపులు మూతపడ్డాయి. రాజధాని ఎదో నుంచి వచ్చిన షోగన్‌గారి తనిఖీ అధికారి, ఎవరైనా గిన్నెడు అన్నం తిని వేణ్ణీళ్ళు తాగేంతసేపు, వడగళ్ళ వానలో మూసిన తలుపు ముందు నిలబడవలసి వచ్చింది. మూడో రోజున షోహచి పెద్దల ఆజ్ఞ మీద పొట్ట చీల్చుకున్నాడు. ఆనవాయితీ ప్రకారం, బాధ ఎక్కువసేపు లేకుండా వెనక నిలబడి మెడ నరికింది నేనే. ఒక్క మరుపు ఒక ఇంటిని ఆర్పేస్తుంది. ఇది చదివేవాడు గుర్తుంచుకోవాలి."

ఎలా ఉంది? కటువుగా ఉంటే చెప్పు, ఒకటి రెండు మాటలు సర్దుతాను.

అన్నయ్య గెన్బెయ్

*

రెండో నెల ఇరవై ఏడు
రేవు ఊరి ఆశ్రమం

సుగాయ గెన్బెయ్‌గారికి,

మీ ఉత్తరం అందింది. ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషం. మన్నొసుకెకి పదవి వచ్చినందుకు బుద్ధుడి ముందు దీపం పెట్టాను.

తొమ్మిదో పుట తీసెయ్యండి. మిగతా ఇరవై రెండు పుటల్లో మీ ఇష్టం వచ్చింది రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పుట మాత్రం మన్నొసుకె చెవిన పడకూడదు. కారణం అడగవద్దు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు, ఇదొక్కటీ అడుగుతున్నాను.

మ్యోరెన్

*

మూడో నెల ఎనిమిది
కోట ఊరు

ఇసోకి,

ఏమిటమ్మా ఇది? "గెన్బెయ్‌గారూ", "మిమ్మల్ని"! చిన్నప్పుడు నా వీపెక్కి రేగుపళ్ళు కోసుకున్న పిల్లవేనా? సన్యాసం తీసుకుంటే అన్న పరాయివాడైపోతాడా? ఉత్తరం చదివి కాసేపు నవ్వాను, తరవాత మనసు చివుక్కుమంది.

నీ బాధ నాకు అర్థం కాకపోలేదు. భర్త చేసిన తప్పు కొడుకు ముందు చదివితే ఏ ఆడదానికైనా కష్టంగానే ఉంటుంది. సరే, "నెజు షోహచి" తీసేసి "ఒక దగ్గరి బంధువు" అని మార్చాను. సంతోషమేనా? పుట మాత్రం ఉంటుంది. ఆ పుట లేకపోతే పుస్తకమే లేదు. నేను మనిషినయింది ఆ రోజు నుంచే. ఆ తరవాత ఒక్క పనికి ఒక్క క్షణం ఆలస్యంగా వెళ్ళలేదు, ఒక్క మాట మరిచిపోలేదు. ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి పొద్దు తెలుసుకుంటారని నా వెనక ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ.

మన్నొసుకెని పెంచింది కూడా అలాగే. వాడు చిన్నప్పుడు మహా పరధ్యానం. గొడుగు ఒకచోట, చెప్పులు ఒకచోట. తొమ్మిదో ఏట చదువుకి ఆలస్యంగా వెళ్ళాడని మంచులో ఒక జాము నిలబెట్టాను. "మీ నాన్న మతిమరుపు వచ్చిందిరా నీకు. ఆయన మెడ ఏమైందో గుర్తుందా?" అన్నాను. ఆ మాట అంటే చాలు, దారిలో పడేవాడు. పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆ మాటతోనే నెట్టుకొచ్చాను. ఇవాళ నగారా కాపు అయ్యాడంటే ఆ మాట చలవే.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు, అడిగేస్తున్నాను. ఆ రోజు బావ వెనక నేను నిలబడినందుకు నీకు ఇంకా కోపమా? రెండేళ్ళ పిల్లాణ్ని నా గుమ్మంలో దింపి, నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయావు. నేను కాదంటే ఇంకొకడు నిలబడేవాడు. బావే నన్ను కోరాడు. ఒకే వేటుకి పూర్తిచేశాను, ఆయనకి బాధ తెలియలేదు. అంతకంటే నేనేం చెయ్యగలను చెప్పు.

ఒకటో తారీకు పుస్తకం చదువుతున్నాను. ఆశీర్వదించు.

అన్నయ్య

*

మూడో నెల పదిహేను
రేవు ఊరు

అన్నయ్యా,

మంచులో నిలబెట్టావా? తొమ్మిదేళ్ళ పిల్లాణ్ని? వాళ్ళ నాన్న పేరు చెప్పి?

గారంగా పెంచుతున్నావనుకున్నాను. నువ్వు ఏటా రాసే "పిల్లాడు బాగున్నాడు" అన్న ముక్క పట్టుకుని బతికాను. ఇలా బాగున్నాడని నాకేం తెలుసు?

ఇక దాచను. కూర్చుని చదువు.

నీ తొమ్మిదో పుట నువ్వే మళ్ళీ చూసుకో. ఆయన మేకులు జరపడం మరిచిపోతే ఏమవుతుంది? మేకులు ఇంకా ఎడంగానే ఉంటాయి. నిప్పు చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. నగారా ఆలస్యంగా మోగాలి. మరి ముందు ఎలా మోగింది అన్నయ్యా? నేను నగారా కాపు పెళ్ళాన్ని, నాకు తెలుసు. నలభై ఏళ్ళు కొలువు చేసినవాడివి, ఒక్క మాట మరిచిపోనివాడివి, ఇన్నేళ్ళలో ఒక్కసారి వేళ్ళు మడిచి లెక్క వెయ్యలేదా?

ఆయన మరిచిపోలేదు. ఆ రోజు తెల్లవారుతూనే మేకులు ఒక గీటు జరిపాడు. మధ్యాహ్నానికి మన్నొసుకెకి జ్వరం ముదిరి మూర్ఛ వచ్చిందని నేను కబురు పంపితే, రాతపూర్వకంగా సెలవు అడిగే వ్యవధి లేక, నోటిమాట మీద నిన్ను కూర్చోబెట్టి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. నువ్వు కూర్చున్నావు. ఇవాళ జరపవలసిన రోజు కదా అనుకున్నావు. అడగలేదు, చూడలేదు. మళ్ళీ ఒక గీటు జరిపావు.

సాయంత్రం పిల్లాడి నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాడు ఆయన. నగారా మోగింది. తలెత్తి కాగితపు తలుపు మీద వెలుతురు చూసి, "తొందరగా మోగిందేమిటి?" అని లేచి పరిగెత్తాడు. దీపాలు పెట్టాక తిరిగొచ్చాడు. "మేకులు రెండు గీట్లు లోపలికున్నాయి ఇసో. ఒకటి నాది, ఒకటి గెన్బెయ్‌ది. ఎవరూ చూడకముందే ఒకటి వెనక్కి జరిపి వచ్చాను" అన్నాడు. నేను నోట గుడ్డ కుక్కుకున్నాను. ఆయన మామూలుగానే మాట్లాడాడు. "కాపు వదిలొచ్చినందుకు నా తల ఎలాగూ పోతుంది. వాడికి తెలిస్తే తిన్నగా పెద్దల దగ్గరికి వెళ్ళి ఒప్పేసుకుంటాడు, వాడి సంగతి నాకు తెలుసు. ఇద్దరం పోతే రెండిళ్ళూ పోతాయి. పిల్లాడు ఎవరింట్లో అన్నం తింటాడు?"

పెద్దల ముందు ఆయన అన్నది ఒక్క మాటే: "నా అజాగ్రత్త, క్షమించండి." ఎదో అధికారుల్ని చల్లబరచడానికి పెద్దలకి ఒక తల త్వరగా కావాలి. ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. మరిచిపోయాడని ఊరంతా చెప్పుకుంది. నువ్వూ చెప్పుకున్నావు. వెనక నిలబడడానికి నిన్నెందుకు కోరాడో తెలుసా? నరికినవాణ్ని ఎవరూ అనుమానించరని.

నీ మొహం చూడకుండా వెళ్ళింది కోపంతో కాదు. చూస్తే చెప్పేస్తానని.

ఇసో

*

మూడో నెల ఇరవై రెండు

ఇసో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వేళ్ళు మడిచి లెక్క వేశాను. తరవాత చిక్కుడు గింజలు పరిచి, వాటినే మేకులనుకుని జరిపి చూశాను. నిజమే. మరిచిపోతే ఆలస్యం కావాలి. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తోంది.

ఒకటి చెప్తాను, నమ్ముతావో నమ్మవో. ఆ మధ్యాహ్నం నేను మేకులు ముట్టుకున్నప్పుడు వాటి మొదట్లో బూడిద మెత్తగా, కొత్తగా అదిమినట్టు ఉంది. నా వేలికి తగిలింది. నీ ఉత్తరం అందినప్పటి నుంచీ ఆ స్పర్శ వేలి కొసన ఉంటోంది. అప్పుడు అనుకున్నాను, ఎవరో ఇప్పుడే సర్దారేమో అని. అనుకుని కూడా జరిపాను. బావ పోయిన తరవాత ఆ బూడిద సంగతి మళ్ళీ తలుచుకోలేదు. తలుచుకోలేదా, తలుచుకోనివ్వలేదా? నాకే తెలియడం లేదు.

ఆయన మెడ వంచే ముందు వెనక్కి చూసి, "గెన్బెయ్, చెయ్యి వణకనివ్వకు" అన్నాడు. తప్పు చేసినవాడికి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నేను ఆశ్చర్యపోయాను. ఛీ.

పుస్తకం పొయ్యిలో పెట్టాను. నా లెక్క నేను తేల్చుకుంటాను. ఒకటో తారీకు లోపల పెరటి గదిలో పని పూర్తవుతుంది. వెనక నిలబడడానికి ఎవరినీ పిలవను, నాకు ఆ సుఖం తగదు. ముసలితనం, రోగం భరించలేక అని ఒక చీటీ రాసి పెడతాను. మన్నొసుకెకి ఏమీ చెప్పకు. వాడికి నేనొక్కణ్ణే తండ్రిని. అలాగే ఉండనీ.

గెన్బెయ్

*

మూడో నెల ఇరవై ఆరు
పరుగుమనిషి చేత

అన్నయ్యా,

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు బతికే ఉంటే, ఆ కత్తి తీసి అటకెక్కించు. బతికి లేకపోతే నిన్ను ఏ జన్మలోనూ క్షమించను.

చావడం నీకేం కష్టం? చిన్నప్పటి నుంచి మీకు నేర్పిందే అది. కాసేపట్లో అయిపోతుంది, ఊరు మెచ్చుకుంటుంది, ఆ దొంగ చీటీని మన్నొసుకె దాచుకుంటాడు. వాడికి మాత్రం నాన్న జీవితాంతం మతిమరుపు మనిషిగానే మిగిలిపోతాడు. నీకు సిగ్గంటే చచ్చేంత భయం. ఆ భయానికి పరువని పేరు పెట్టుకున్నావు.

పిల్లాణ్ని నీ గుమ్మంలో దింపింది ఎందుకో కూడా చెప్తాను విను. నేను వాణ్ని ఇవ్వనన్నాను. కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఆయనే ఒప్పించాడు. "గెన్బెయ్‌కి ఈ సంగతి ఏదో ఒక రోజు తెలుస్తుంది. తెలిసిన రోజున వాడు కత్తి తీస్తాడు. చేతిలో మన పిల్లాడుంటే తియ్యలేడు. వాడి కోసం పిల్లాణ్ని ఇచ్చెయ్యి ఇసో" అన్నాడు. నీ కోసం, అన్నయ్యా. నా కొడుకుని నీ ప్రాణానికి అడ్డం పెట్టి వెళ్ళాడు ఆయన. ముప్ఫై ఒక్క ఏళ్ళు నా పాలు తాగిన పిల్లాణ్ని చూడకుండా బతికాను. ఇప్పుడు నువ్వు పెరట్లో పొట్ట కోసుకుంటావా? ఆయన చావూ దండగ, నా బతుకూ దండగ.

వెళ్ళి వాడితో చెప్పు. నేను చెప్పను, నువ్వు చెప్పు. ఆయన మరిచిపోలేదని నీ నోటితో చెప్పు. తరవాత వాడు ఏం చేస్తే అది పడు.

ఇసో

*

నాలుగో నెల తొమ్మిది, పరుగుమనిషి చేత
కోట ఊరు

చెల్లీ,

బతికే ఉన్నాను. నీ పరుగుమనిషి వచ్చేసరికి చావుకి కట్టుకునే తెల్లబట్టలు ఉతికి ఆరేసి ఉన్నాయి. వాటిని తీసి మడతపెట్టాను. అంతకంటే ధైర్యమైన పని నా జన్మలో చెయ్యలేదనిపించింది. ఒకటో తారీకు పొద్దున చేసినదాని ముందు అదీ ఏమీ కాదు.

వాడు కొత్త బట్టలు కట్టుకుని, ఇంట్లోవాళ్ళనందరినీ కూర్చోబెట్టి, పుస్తకం చదువుతానేమోనని ఎదురుచూస్తున్నాడు. అందరినీ బయటికి పంపేశాను. వాడి ముందు నేల మీద చేతులానించి తల వంచాను. "ఇదేమిటి నాన్నగారూ, లేవండి" అని కంగారుపడ్డాడు. లేవకుండానే చెప్పాను. కబురు దగ్గర మొదలుపెట్టి మెడ దాకా అంతా చెప్పాను. బూడిద సంగతి కూడా చెప్పాను. అది నువ్వు చెప్పమనలేదు, కానీ దాచబుద్ధి కాలేదు.

వాడు ఒడిలో చెయ్యి పెట్టుకుని వేళ్ళు మడిచి లెక్క వేశాడు. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు వెయ్యని లెక్కని వాడు రెండు ఊపిర్లు తీసేంతలో వేశాడు. కొడతాడనుకున్నాను. కత్తి తీస్తాడనుకున్నాను. తీస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

వాడేమన్నాడో తెలుసా? రాస్తున్నాను చూడు:

"మా నాన్న గురించి నాకు తెలిసింది అదొక్కటే. మొహం తెలియదు, గొంతు తెలియదు. మతిమరుపు మనిషని మీరు చెప్పారు. మీరు తిట్టినప్పుడల్లా నాకు సిగ్గేసేది కాదు, లోపల్లోపల మురిసిపోయేవాణ్ని. గొడుగు ఎక్కడో పెట్టి మరిచిపోతే, మా నాన్న పోలిక వచ్చిందిరా అనుకునేవాణ్ని. కొన్నిసార్లు కావాలనే మరిచిపోయేవాణ్ని. మంచులో నిలబెట్టిన రోజు కూడా కావాలనే ఆలస్యంగా వెళ్ళాను. మీరు ఆ మాట అంటారు కదా, ఆయన పేరు వినొచ్చని. ఇప్పుడు అదీ లేదన్నమాట."

ఇసో, ఈ ఇంట్లో బావ పేరు ఎత్తేది నేనొక్కణ్ణే, అది కూడా తిట్టడానికి. ఆ తిట్టు కోసం పిల్లాడు మంచులో నిలబడ్డాడు. నేను వాణ్ని దారిలో పెడుతున్నాననుకున్నాను. నాకు తెలియదు. ఒట్టు, నాకు తెలియదు.

ఆ రోజు పదవిలో చేరాడు. వారం రోజులు చేసి, కాగితం మీద రాసిచ్చి, ముద్ర వేయించుకుని సెలవు తీసుకున్నాడు. ఈ పొద్దున నీ దగ్గరికి బయల్దేరాడు. కనుమ దాటి నాలుగు రోజుల్లో చేరతాడు. వాణ్ని నువ్వు గుర్తుపట్టలేవు, పొడుగు, కుడి కనుబొమ మీద చిన్న మచ్చ ఉంటుంది. వాడు వాళ్ళ నాన్న గురించి అడుగుతాడు. మొత్తం చెప్పు. బావ ఎలా నవ్వేవాడో, ఏం తినేవాడో, నిన్ను ఏమని పిలిచేవాడో, చిన్నవీ పెద్దవీ అన్నీ చెప్పు. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఉన్న ఒక్కటీ అబద్ధం.

నన్ను క్షమించావా అని కూడా అడుగుతాడేమో. నా కోసం అబద్ధం చెప్పకు.

చెప్పులు తొడుక్కుంటుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. వాడు నా మొహంలోకి చూడలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, రెండడుగులు వేసి ఆగాడు. రోజూ అనే మాట అంటాడనుకున్నాను. "వెళ్ళొస్తాను మావయ్యా" అన్నాడు.

వాడికి ముప్ఫై మూడేళ్ళు. నన్ను అలా పిలవడం ఇదే మొదలు. వాడు వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉన్నాను.

నీ అన్న
గెన్బెయ్